కవిటి రక్తం విశాఖ చేరేలోపు: నా పోస్ట్‌డాక్ అనుభవం

పీహెచ్‌డీ వైవా 2022 డిసెంబరులో అయింది. రీసెర్చ్ అసోసియేట్‌గా చేరింది 2023 మే నెలలో. మధ్యలో ఉన్న కాలమంతా రాజాంలో అమ్మానాన్నల దగ్గరే గడిచింది. మా రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. కాగితాల మీద జిల్లా మారింది గానీ మా ఇంట్లో మాట మారలేదు. ఆ యాస తర్వాత శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానంలో నాకు ఏ డిగ్రీ కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "డాక్టరేట్ అయిపోయిందట కదా, ఇంక ఉద్యోగమే కదమ్మా?" పోస్ట్‌డాక్ అంటే ఏమిటో చెప్పే ఓపిక లేక "పరిశోధన ఉద్యోగం, కాంట్రాక్టు" అనేసేదాన్ని. కాంట్రాక్టు అనగానే మా పెద్దమ్మ మొహం అదోలా అయిపోయేది. ఆవిడ భయం ఉత్తది కాదని తర్వాత తెలిసింది, అక్కడికి వస్తాను.

విశాఖలో ఒక పరిశోధన సంస్థ నుంచి ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో రోగనిరోధక కణాలు ఎలా ప్రవర్తిస్తాయన్నది ప్రాజెక్టు. దానికి రక్తం ఉద్దానంలోని కవిటి వైపు నుంచి విశాఖకు తేవాలి. మార్చిలో ఇంటర్వ్యూ. థీసిస్ గురించి అడుగుతారని రాత్రంతా స్లైడ్లు దిద్దుకుని వెళితే దాని గురించి పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. కమిటీలో ఒక పెద్దాయన "కవిటిలో తీసిన రక్తం ఇక్కడికి ఎన్ని గంటల్లో వస్తుంది?" అని అడిగారు. "హైవే మీద నాలుగున్నర గంటలు సార్" అన్నాను. "డ్రైవరు టీ తాగడా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఉద్యోగంలో చేరాక అర్థమైంది, ఆయన జోక్ వేయలేదని.

జీతం విషయం దాచుకోనక్కర్లేదు. ప్రకటనలో రాసింది నెలకు 47,000, ఇంటద్దె అలవెన్సు అదనం. నేను చేరిన తర్వాత జూన్‌లో కేంద్రం ఫెలోషిప్‌లు పెంచింది, మొదటి స్థాయి రీసెర్చ్ అసోసియేట్‌కు 58,000 అయింది, అదీ జనవరి నుంచి వర్తించేలా. వినడానికి బాగుంటుంది. చేతికి రావడం వేరే సంగతి. మొదటి జీతమే ఆగస్టులో పడింది. పెరిగిన తేడా పడడానికి దసరా దాటింది. కొత్తగా చేరేవాళ్ళు కనీసం మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి. విశాఖలో అడ్వాన్సు కట్టి గది తీసుకుని, సామాను కొనుక్కుని, జీతం లేకుండా బతకడానికి నాన్న దగ్గర అప్పు తీసుకున్నాను. పీహెచ్‌డీ అయ్యాక నాన్నను డబ్బులడగడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే ఆ గంటల గొడవ అర్థం కాదు. ఒంట్లోకి సూక్ష్మజీవి చేరినా, కణాలు దెబ్బతిన్నా, మోనోసైట్ అనే తెల్లరక్తకణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్ వదులుతుంది. జ్వరానికి, వాపుకు అది ముఖ్యమైన కారణం. అదుపు తప్పితే ప్రమాదం కాబట్టి కణం దాన్ని రెండు తాళాలున్న బ్యాంకు లాకరులా కాపలా కాస్తుంది. మొదటి తాళం ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్. అది తెరుచుకుంటే ఇంటర్‌ల్యూకిన్ ముడిరూపంలో తయారవుతుంది, అంతే, ఇంకా పనిచేయదు. రెండో తాళం ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమజోమ్ అనే ప్రోటీన్ల కూటమి. అది కూడితే కాస్పేజ్-1 అనే ఎంజైమ్ మేల్కొని ముడి ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. అదే ఎంజైమ్ గాస్‌డర్మిన్-డి అనే మరో ప్రోటీన్‌ను కూడా కత్తిరిస్తుంది. అప్పుడు కణం పొరకు రంధ్రాలు పడి సరుకు బయటపడుతుంది, చాలాసార్లు కణం కూడా చచ్చిపోతుంది. ఇన్‌ఫ్లమజోమ్ అనే పేరు 2002లో స్విట్జర్లాండ్‌లో యూర్గ్ చాప్ బృందం పెట్టింది. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు రెండో తాళాన్ని తెరుస్తాయని 2006లో చూపించింది కూడా వాళ్ళే. ఈ రంగంలో మనవాళ్ళూ ఉన్నారు: ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన తిరుమలాదేవి కన్నెగంటి అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రిలో దీని మీదే ఏళ్ళుగా పనిచేస్తున్నారు. పెద్దమ్మకు ఆవిడ పేరు చెప్పాకే నా చదువు మీద కొంచెం గురి కుదిరింది.

ఉద్దానం సంగతి మనవాళ్ళకు చెప్పేదేముంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు షుగరూ బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. బయాప్సీ చేస్తే కిడ్నీలోని వడపోత గుచ్ఛాల కంటే సన్నని గొట్టాల మధ్య కణజాలంలో వాపు, మచ్చ ఎక్కువగా కనిపిస్తాయి. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి మామూలు మూత్రపరీక్షలో దొరకదు. శ్రీలంకలో, నికరాగ్వాలో ఇలాంటి జబ్బే ఉంది. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. మా ప్రశ్న చిన్నది: జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళ మోనోసైట్లలో మొదటి తాళం ముందే తెరిచి ఉంటోందా? దీనికి చచ్చిన కణాలు పనికిరావు. బతికున్న కణాలు కావాలి. అందుకే గంటల లెక్క.

ముందు ఎథిక్స్ కమిటీ. మనుషుల రక్తంతో పరిశోధన చేయాలంటే వాళ్ళ అనుమతి కావాలి. 2023 జూలైలో దరఖాస్తు పెట్టాం. సెప్టెంబరులో ప్రశ్నలు వచ్చాయి, నవంబరు చివర్లో అనుమతి వచ్చింది. ఇంకా ముందే వస్తుందనుకున్నాం. కమిటీ అడిగిన వాటిలో సైన్సు గురించి ఒక్కటే ప్రశ్న. మిగిలినవన్నీ మనుషుల గురించి. చదువు రానివాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు జట్టుకు సంబంధం లేని సాక్షి ఎవరు? కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు ఎంత ఇస్తారు? మరీ ఎక్కువిస్తే డబ్బుకోసమే రక్తమిచ్చినట్టు అవుతుంది కదా? చివరికి 300 దగ్గర ఆగింది. ఇంకో ప్రశ్న: కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఫలితం వాళ్ళకు ఎవరు, ఎలా చెబుతారు? దానికి మేము రాసుకున్నది రెండు వాక్యాలే. కమిటీలో ఉన్న ఒక లాయరు గారు వాటిని ఒప్పుకోలేదు. డాక్టరు సంతకంతో మూసిన కవరు, చేతికే ఇవ్వాలి, పేరు బదులు కోడ్, తేడా ఉంటే ఎక్కడికి పంపాలో ముందే రాయాలి. అప్పుడు విసుగొచ్చింది. ఆ లాయరు గారికి ఇప్పుడు దండం పెట్టుకుంటాను.

అనుమతి కోసం కూర్చున్న నెలల్లో రెండు పనులు జరిగాయి. ఒకటి హెపటైటిస్-బి టీకా. మనుషుల రక్తంతో పనిచేసేవాళ్ళకు తప్పనిసరి. మూడు డోసులు, సున్నా, ఒకటి, ఆరు నెలలకు. డోసు ఖరీదు కొన్ని వందలే గానీ కాలం కొనలేం కదా, చేరిన వారంలోనే మొదలుపెట్టండి. రెండోది కొనుగోళ్ళు. యాంటీబాడీ బుడ్డి ఒక్కోటి ముప్ఫై నలభై వేలు, ప్రోటీన్ ఎంతుందో కొలిచే ఎలీసా కిట్ యాభై వేల దగ్గర. విదేశం నుంచి రావాలి కాబట్టి ఆర్డరు పెట్టాక రెండు మూడు నెలలు. ఒక పార్శిల్ వచ్చేసరికి పెట్టెలో డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయింది, తిప్పి పంపడానికి ఇంకో రెండు నెలలు. ఇంతలో మార్చి 31 ముంచుకొస్తుంది, ఖర్చుపెట్టని డబ్బు వెనక్కి పోతుందని అకౌంట్స్‌వాళ్ళు వెంటపడతారు. వస్తువు రాకముందే బిల్లు కావాలంటారు, బిల్లు కట్టాలంటే వస్తువు రావాలంటారు. దీని గురించి ఇంకా రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలేస్తున్నాను.

ఉద్దానానికి మొదటిసారి వెళ్ళింది 2024 ఫిబ్రవరిలో, ఒక్క చుక్క రక్తం తీయకుండా, మాట్లాడడానికి మాత్రమే. కవిటి దగ్గర ఒక ఊళ్ళో ఆశా కార్యకర్త అక్క రచ్చబండ దగ్గర అందరినీ పోగుచేసింది. నేను నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. ఒక తాత మధ్యలోనే ఆపేశాడు.

"ఏటమ్మా, మళ్ళీ రగతవేనా? అమెరికావోళ్ళొచ్చి తీసినారు, ఢిల్లీవోళ్ళొచ్చి తీసినారు. ఇంతమంది పట్టుకుపోయిన రగతం ఏటయిపోతంది? ఇదిగో తాతా, నీకిలాగుంది అని వొచ్చి సెప్పినోడు ఒక్కడూ నేడు."

నా దగ్గర సమాధానం లేదు. "నాను సెప్తాను తాతా, కాయితం సేతికే ఇస్తాను" అన్నాను. నా నోటి నుంచి ఆ యాస వినగానే తాత కళ్ళు చిట్లించి చూశాడు. "ఏ ఊరు గుంటా నీది?" "రాజాం." "అలా సెప్పు మరి!" అక్కడి నుంచి మాట కొంచెం సాగింది. మందు ఎప్పుడొస్తుందని ఒకావిడ అడిగింది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే మందు ఉంది. గుండెజబ్బు రోగుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు, గుండెపోట్లు కొంత తగ్గాయి గానీ ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవాళ్ళు కొంత పెరిగారు. ఇది రచ్చబండ దగ్గర ఎలా చెప్పడం? "ఇది మందు కోసం కాదమ్మా, జబ్బు ఎక్కడ మొదలవుతందో చూడ్డానికి" అన్నాను. ఆవిడ మొహంలో ఉత్సాహం పోయింది. అయినా తర్వాత రక్తమిచ్చింది.

రక్తం తీయడం మొదలయ్యాక ఎన్ని చిన్న చిన్న సంగతులో. జీడితోటలకు, కొబ్బరితోటలకు పనికి వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే వెళ్ళిపోతారు, కాబట్టి ఐదున్నరకల్లా మేము ఊళ్ళో ఉండాలి. ముందురోజు రాత్రి మాంసం తినొద్దని చెప్పాలి, తింటే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. ఆదివారం మర్నాడు క్యాంపు పెడితే ఆ రోజు పోయినట్టే. రక్తం తీశాక టిఫిన్ పెడదామని ఇడ్లీలు పార్శిల్ కట్టించుకుని వెళ్ళాం. సగం మంది ఇంటికెళ్ళి చోడంబలి తాగే పనికి వెళ్ళారు, మా ఇడ్లీలు పిల్లలు తిన్నారు.

ఇంకొకటి, దీన్ని ఎవరికి చెప్పినా నమ్మరు: ఈ రక్తాన్ని ఐస్‌లో పెట్టకూడదు. క్రియాటినిన్ గొట్టాల సంగతి వేరు. కణాలు వేరుచేయాల్సిన, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన గొట్టాలు గది వేడిమిలోనే, 18 నుంచి 25 డిగ్రీల మధ్య రావాలి. చల్లబడితే, కణాలను వేరుచేసే ఫైకాల్ అనే ద్రవం మీద పొరలు సరిగా విడిపోవు. మా డ్రైవరు బాబాయ్ మా మీద జాలిపడి పెట్టెలో ఐస్ పోయించుకొస్తానని బయల్దేరేవాడు, ఆపడమే ఒక పని. ఏప్రిల్ ఎండలో 25 డిగ్రీలు నిలబెట్టడం ఐస్‌లో పెట్టడం కంటే కష్టం. ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన నీళ్ళ సీసాలను థర్మోకోల్ పెట్టెలో చుట్టూ పేర్చి, మధ్యలో గొట్టాలు, థర్మామీటరు పెట్టేవాళ్ళం. కారులో ఏసీ ఆపొద్దని బాబాయ్‌కి చెప్పాలి. డీజిల్ లెక్క మాట్లాడుకోవాలి. కారు అద్దె రోజుకు 6,500, నాతవలస, మడపాం టోల్‌గేట్లు అదనం.

రక్తాన్ని నేరుగా విశాఖ తీసుకెళితే మోనోసైట్లు నీరసించిపోతున్నాయని మొదటి క్యాంపుల్లోనే తేలింది. దాంతో పలాస దగ్గర కాశీబుగ్గలో ఒక గది తీసుకున్నాం, నెలకు 4,000. పక్కనే జీడిపిక్కలు కాల్చే బట్టీ. ఆ పొగ వాసన ఇప్పటికీ నా ఏప్రాన్‌కు వదల్లేదు. అక్కడ ఒక సెంట్రిఫ్యూజ్ పెట్టి, ఫైకాల్ మీద రక్తం పోసి అరగంట తిప్పి, మధ్యలో తెల్లటి పొరలా నిలిచే కణాలను తీసి, పోషకద్రావణంలో వేసుకుని విశాఖ బయల్దేరాలి. తిరిగే సమయంలో కరెంటు పోకూడదు. పోతుంది. జనరేటర్ అద్దెకు తెద్దామంటే మాఘమాసం, ఊళ్ళో ఉన్న జనరేటర్లన్నీ పెళ్ళిళ్ళలో ఉన్నాయి. ప్రాజెక్టు నడిపే మా మేడమ్ ఫోన్‌లో "పెళ్ళివాళ్ళను బతిమాలి మధ్యాహ్నం అరగంట ఇమ్మనండి" అన్నారు. బతిమాలాం. ఇచ్చారు. భోజనం కూడా పెట్టారు.

సూదులు, గొట్టాలు, రక్తపు దూది ఊళ్ళో వదిలిపెట్టి రాకూడదు. సూదులకు తెల్లటి గట్టి డబ్బా, మిగతావాటికి రంగుల సంచులు, అన్నీ కట్టి అదే కారులో వెనక్కి తెచ్చి సంస్థలో అప్పగించాలి. వెళ్ళేటప్పుడు కంటే వచ్చేటప్పుడు సామాను ఎక్కువ.

మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. అది మా పనికి అడ్డం వస్తుందని ఎవరికీ తట్టలేదు. ప్రభుత్వ సిబ్బంది ఎన్నికల పనిలో పడ్డారు, క్యాంపుకు బడి గది అడిగితే ఇవ్వడానికి భయపడ్డారు. రోడ్డు మీద ప్రతి చోటా తనిఖీ. ఒకరోజు కణాలతో విశాఖ వస్తుంటే కారు ఆపారు. థర్మోకోల్ పెట్టె, దానికి టేపు, లోపల ఏముందో చెప్పమంటే "కణాలు" అన్నాను. కానిస్టేబుల్ నా వైపు అదోలా చూశాడు. డబ్బు అనుకున్నట్టున్నారు. తెరవమన్నారు. తెరిస్తే గులాబీరంగు నీళ్ళున్న గొట్టాలు. ఎథిక్స్ అనుమతి కాపీ, సంస్థ ఉత్తరం ఫైలులో ఉన్నాయి గానీ అన్నీ ఇంగ్లీషులో. పైఅధికారి వచ్చి చదివేదాకా అరగంట. అయిపోయాక ఆయనే "మా మావయ్యది కూడా సోంపేటే. డయాలసిస్" అని పెట్టె మూయడానికి సాయం పట్టారు. మర్నాడే తెలుగులో ఒక ఉత్తరం రాయించి, ల్యామినేషన్ చేయించి కారు అద్దానికి లోపల పెట్టాను. ఇలాంటి పని చేసేవాళ్ళకు నా గట్టి సలహా ఇది.

మే 13 పోలింగ్ దాకా క్యాంపులు ఆపేశాం. ఎండలు కూడా అలాగే ఉన్నాయి.

ల్యాబ్ చేరాక రోజు మొదలవుతుంది. సాయంత్రం ఆరున్నర, ఏడుకు కణాలు లెక్కపెట్టి ప్లేట్లో వేస్తాం. ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పొర పదార్థం వేస్తే మొదటి తాళం తెరుచుకుంటుంది, దానికి నాలుగు గంటలు. తర్వాత నైజెరిసిన్, అది కణంలో పొటాషియం బయటికి తోడేసి రెండో తాళం తెరుస్తుంది, దానికి ఇంకో గంట. ప్లేట్లోని కొన్ని గుంటల్లో ఏమీ వేయం, అసలు ప్రశ్న అక్కడే ఉంది: ఏమీ వేయకుండానే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వస్తోందా? అందుకే వాడే ప్రతి నీటిచుక్కా, గొట్టమూ బ్యాక్టీరియా అవశేషాలు లేనివై ఉండాలి. మనకు శుభ్రంగా కనిపించే నీళ్ళు మోనోసైట్‌కు శుభ్రం కాదు. ద్రవాలన్నీ తీసి ఫ్రీజర్లో పెట్టేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. నేనుండే చోట గేటు పదిన్నరకే వేసేస్తారు. రీడింగ్ రూములో రెండు కుర్చీలు కలుపుకుని పడుకోవడం అలవాటైంది. ఇందులో నాకు గర్వం ఏమీ లేదు, కోపమే. రాత్రి ప్రయోగాలు చేయమనే చోట రాత్రి ఉండే ఏర్పాటు కూడా ఉండాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు.

ఫలితాల గురించి ఇక్కడ ఎక్కువ రాయను, విశ్లేషణ నడుస్తోంది. ఒక్కటి చెప్పగలను. మనిషికీ మనిషికీ తేడా నేను ఊహించిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పీహెచ్‌డీలో ఒకే వంశం ఎలుకలతో పనిచేసినదాన్ని. ఎలుకలన్నీ ఒకే దాణా తిని ఒకే గదిలో పెరుగుతాయి. ఇక్కడ ఒకాయన ముందురోజు చెట్టెక్కి కొబ్బరికాయలు దింపాడు, ఒకావిడకు పంటినొప్పి, ఒకతనికి వారం కిందట జ్వరం. మొదట్లో పోలిక కోసం విశాఖలో మా తోటివాళ్ళ రక్తం వాడాం. ఏసీలో కూర్చునేవాళ్ళ రక్తాన్ని ఎండలో పనిచేసేవాళ్ళ రక్తంతో పోల్చి ఏం తేలుస్తామని మేడమ్ అన్నారు. అక్కడి నుంచి అదే ఊళ్ళో, అదే వయసు, అదే పని చేసే ఆరోగ్యవంతుల రక్తం కూడా తీయడం మొదలుపెట్టాం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది ఈ ఆరోగ్యవంతుల సంగతే. ఆటో నడిపే ఒకతను, ముప్ఫై లోపు వయసు, నవ్వుతూ వచ్చి "నాకేటీ నేదు మేడమ్, మంచోళ్ళ రగతం కావాలన్నారట గదా" అని చెయ్యి చాపాడు. అతని క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. ఒక్క పరీక్షతో జబ్బు అనకూడదు, కిడ్నీ వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు. అది నాకు తెలుసు, అతనికి తెలియదు. డాక్టరు సంతకాల కోసం కవర్లు నెల దాటి ఆగాయి. ఆ నెలంతా ఆశా అక్క ఫోన్ చేసి "కాయితాలెప్పుడు?" అంటే నాకు అతని మొహమే కనిపించేది. సంతకం పెట్టే డాక్టరుకు రోజుకు ఎంతమంది రోగులో నాకు తెలుసు, ఆయన్ని అనలేను. కానీ ఇలాంటి పని చేసేవాళ్ళు, రక్తం తీసే రోజుకు ముందే సంతకం ఎవరు పెడతారో, ఏ వారం పెడతారో రాయించుకోండి.

ఆగస్టులో వానల మధ్య కవర్లు పట్టుకుని వెళ్ళాను. తాతకు ముందు ఇచ్చాను. అతనిది బాగానే ఉంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేటో నాకు తెల్దు గానీ, తెచ్చినావు" అన్నాడు. ఆటో అతన్ని పక్కకు పిలిచి, మాతో వచ్చిన డాక్టరు చెప్పారు. అతను కిడ్నీ గురించి ఏమీ అడగలేదు. "మా సెల్లి పెళ్ళి మాఘంలో ఉంది సార్. ఇది బయటికి పొక్కితే అటేపోళ్ళు ఎనక్కెళ్ళిపోతారు" అన్నాడు. ఉద్దానంలో సంబంధాలు జబ్బు పేరు చెప్పి తప్పిపోవడం గురించి పేపర్లో చదివాను. ఎదురుగా వినడం వేరు. మూసిన కవరు, కోడ్ నంబరు అని లాయరు గారు పట్టుబట్టింది ఎందుకో అప్పుడు తెలిసింది.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రికి చీటీ రాసిచ్చాం. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. అదే అంకె దగ్గర ఉంది. తొలిదశే, డయాలసిస్ దాకా రాలేదు. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు వేసుకోవద్దని, నీళ్ళు తాగమని, వరుసగా చూపించుకోమని చెప్పారు. చెల్లి పెళ్ళి 2025 ఫిబ్రవరిలో అయింది. నాకు శుభలేఖ వచ్చింది, వెళ్ళలేదు. నేను వెళితే "ఈవిడెవరు?" అని అడుగుతారు కదా.

ఇదంతా జరుగుతుండగా నా జీతం ఆగింది. ప్రాజెక్టు రెండో విడత నిధులు అక్టోబరులో రావాలి, రాలేదు. ఖర్చుల సర్టిఫికెట్‌లో అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరం ఏమిటంటే, 300 రూపాయలకు వేలిముద్ర వేసిన రసీదులు చెల్లవట, బ్యాంకు ద్వారా ఇవ్వాలట. కవిటిలో చెట్టు కింద నిలబడి బ్యాంకు ట్రాన్స్‌ఫర్! ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. ఐదు నెలల పైన జీతం లేదు. మా పెద్దమ్మ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న "అమ్మా, బీఎడ్ చేసి టీచర్ పోస్టు చూసుకోకూడదా" అని మెల్లగా అన్నారు. నేను కాసేపు నిజంగానే ఆలోచించాను. ఆ వారంలో డీఎస్సీ సిలబస్ డౌన్‌లోడ్ చేసిన మాట వాస్తవం. బకాయిలన్నీ కలిపి 2025 ఏప్రిల్‌లో పడ్డాయి. నాన్న అప్పు తీర్చాను. ఇప్పుడు వేలిముద్ర రసీదుతో పాటు ఆశా అక్క సంతకం, ఫోటో పెడుతున్నాం, దాన్ని ఒప్పుకున్నారు.

ఇప్పటి పరిస్థితి: ఫ్రీజర్లో ఉన్న ద్రవాలన్నిటికీ ఎలీసా పూర్తయింది, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీ డేటా సగం చూశాను. పేపరు మొదటి చిత్తు మేడమ్ దగ్గర ఉంది. ఎర్రసిరాతో తిరిగి వస్తుంది. నా కాంట్రాక్టు ఏటికేడు పొడిగింపు మీద నడుస్తోంది, వచ్చే ఏడాది ఉత్తర్వు ఇంకా రాలేదు. ఈలోగా బయట రెండు చోట్లకు దరఖాస్తు పెట్టాను, ఒకటి విదేశం.

వేలిముద్రకు సాక్షి, సంతకానికి డాక్టరు, జనరేటర్‌కు పెళ్ళివాళ్ళు దొరికితే రక్తం తీయడం తేలిక. మిగతాది విశాఖ రోడ్డు మీద ఆధారపడి ఉంటుంది. బాబాయ్ ఇప్పుడు టీ ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నాడు.